న్యుమోనియా తగ్గి మూడు వారాలైంది, అలిపిరి మెట్లెక్కొచ్చా?

మీ మామగారికి 68 ఏళ్లు, న్యుమోనియా తగ్గి ఇంటికొచ్చి మూడు వారాలైంది, మొక్కుందని అలిపిరి మెట్లెక్కుతానంటున్నారు, పంపొచ్చా అని అడిగారు. ఇప్పుడే పంపకండి. ముందు గుండె డాక్టరుకు చూపించండి. మా ఇంట్లో జరిగింది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నా.

మాది తిరుపతే. నవంబరు వానల్లో మా నాయనకు దగ్గు ముదిరి న్యుమోనియాలోకి దిగింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. జ్వరం పోయింది, ఎక్స్‌రే బాగుందన్నారు, గండం గడిచిందనుకుని ఇంటికొచ్చేశాం. సరిగ్గా ఇరవయ్యో రోజు పొద్దున, మిద్దె మీద మొక్కలకు నీళ్లు పోయడానికి ఎక్కుతూ సగం మెట్లలో కూర్చుండిపోయారు. చెంబు పక్కన పెట్టి అరచేత్తో రొమ్ము మధ్య రుద్దుకుంటున్నారు. నుదుటి మీద చెమట. "ఏం లేదులేమ్మా, గ్యాసు" అన్నారు. అమ్మ వాము నీళ్లు కాచిచ్చింది. జబ్బుపడి లేచిన నీరసమేలే అని నేనూ ఊరుకున్నా. అట్లా రెండు గంటలు పోయాయి. ఈసీజీ తీస్తే హార్ట్ ఎటాక్. ఆ సాయంత్రమే స్టెంట్ వేశారు.

తర్వాత పాత డిశ్చార్జి కాగితం తీసి చూసుకుంటే అందులో ఆయన రోజూ వేసుకునే కొలెస్ట్రాల్ మాత్ర లేదు. చేరిన రోజు ఆపారు, మళ్లీ మొదలుపెట్టమని ఎవరూ రాయలేదు, మేమూ అడగలేదు. ఎటాక్ దానివల్లే వచ్చిందని అనను. కానీ ఆ కాగితంలో గుండె ఊసే లేకపోవడం నాకిప్పటికీ బాధే.

స్టెంట్ వేసిన డాక్టరు విడమరచి చెప్పారు. గుండె రక్తనాళాల గోడల్లో కొవ్వు ఏళ్ల తరబడి పేరుకుని ఉంటుంది. ఊపిరితిత్తుల్లో పెద్ద ఇన్ఫెక్షన్ వస్తే ఒళ్లంతా లోలోపల వాపు, మంట, అంటే ఇన్‌ఫ్లమేషన్ పుడుతుంది. దాంతో ఆ కొవ్వు మీది పొర బలహీనపడి చిట్లొచ్చు. రక్తం కూడా అప్పుడు తొందరగా గడ్డకడుతుంది. పైగా ఆక్సిజన్ తగ్గి గుండె మీద భారం పెరుగుతుంది. జ్వరం తగ్గినంత మాత్రాన ఇదంతా వెంటనే సర్దుకోదు.

2015లో 'జామా' అనే వైద్య పత్రికలో ఒక అమెరికా అధ్యయనం వచ్చింది. న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరిన 65 దాటినవాళ్లకు మొదటి నెలలో గుండెపోటు, పక్షవాతం లాంటివి వచ్చే ముప్పు మిగతావాళ్లకంటే దాదాపు 4 రెట్లు కనిపించింది. తర్వాత తగ్గుతూ వచ్చినా పదో ఏడాదికీ దాదాపు రెండింతలుంది. అందరికీ వస్తుందని కాదు, టెన్షన్ పడకండి. కానీ మామగారు ఇంకా ఆ మొదటి నెలలోనే ఉన్నారు.

ఈరోజే ఆయన పాత మందుల చీటీనీ డిశ్చార్జి కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మాత్రల్లో ఏదైనా తప్పిపోయుంటే డాక్టరునడగండి, సొంతంగా మొదలుపెట్టొద్దు. రొమ్ములో బరువు, ఆయాసం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, మూతి వంకరపోవడం, వీటిలో ఏది కనిపించినా వాము నీళ్లు కాచుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. ఏటా వేసే ఫ్లూ టీకా, న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియాకు వేసే న్యుమోకోకల్ టీకా గురించి కూడా అడగండి. బీడీ, సిగరెట్ అలవాటుంటే మానాల్సిందే.

ఇక మొక్కు సంగతి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, గాలిగోపురం దాకా బాగా నిటారు. శ్రీవారి మెట్టులో 2,388 మెట్లే కదా అంటారేమో, అదీ నిటారే. మా నాయన ఆ ఏడు బస్సులో పోయి దర్శనం చేసుకున్నారు. మరుసటి ఏడు ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి డాక్టరు సరేనన్నాక, గాలిగోపురం దగ్గర గంటసేపు కూర్చుని, మెల్లగా నడిచి ఎక్కారు.