నాలుగేళ్ల బాబు కొడుతున్నాడు, విసిరేస్తున్నాడు.. ట్రైనింగ్ మాకెందుకు?

ప్రశ్న: మా బాబుకు నాలుగున్నరేళ్లు. అడిగింది ఇవ్వకపోతే నేల మీద పడి దొర్లుతాడు, చేతికందింది విసిరేస్తాడు, చెల్లిని కొడతాడు. తిట్టినా, రెండు తగిలించినా లాభం లేదు. డాక్టర్‌కు చూపిస్తే ‘పేరెంట్ ట్రైనింగ్’కు మమ్మల్నే రమ్మన్నారు. మందులేమీ లేవా? - ఒక తల్లి, ఖమ్మం

సలహా: మీ డాక్టర్ సరిగ్గానే చెప్పారు. తప్పు మీదని కాదు. థెరపిస్టు వాణ్ని వారానికో గంట చూస్తారు, మిగతా సమయమంతా వాడు మీ దగ్గరే ఉంటాడు కదా. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం) ఉందని తేలినా సరే, ఈ వయసులో మందుల కన్నా ముందు తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వాలనే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచిస్తోంది.

ఇలాంటి వాటిలో పేరున్నది పీసీఐటీ, అంటే పేరెంట్ చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీ. 1970లలో అమెరికా సైకాలజిస్టు షీలా ఐబర్గ్ రెండు నుంచి ఏడేళ్ల పిల్లల కోసం రూపొందించారు. మీరూ బాబూ ఆడుకుంటుంటే థెరపిస్టు అద్దం అవతల నుంచి చూస్తూ, ఏమనాలో మీ చెవిలోని ఇయర్‌ఫోన్‌లో అప్పటికప్పుడు చెబుతుంటారు.

మొదటి దశలో ఆట వాడి ఇష్టం. ‘ఇదేం రంగు?’ అని అడగకూడదు, ‘అలా కాదు, ఇలా పెట్టు’ అనకూడదు. మన ఇళ్లలో అన్నిటికంటే కష్టం ఇదే! పిల్లాడు బ్లాకులు ముట్టుకోగానే ఏబీసీడీలు అప్పజెప్పమంటాం. దానికి బదులు వాడు చేస్తున్నదే పైకి చెప్పండి: ‘ఎర్రదాని మీద నీలం పెట్టావు’. ఉత్త ‘గుడ్ బాయ్’ కన్నా ‘చెల్లికి బండి ఇచ్చావు, నాకు భలే నచ్చింది’ అంటే ఏది మంచిపనో వాడికి తెలుస్తుంది. ఇంట్లో రోజూ ఐదు నిమిషాలు చాలు. అల్లరి చేశాడని ఆ రోజు ఆట మానేయొద్దు.

చిన్నాచితకా మారాన్ని పట్టించుకోకండి. మొదట్లో ఏడుపు ఇంకా పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే నానమ్మ జాలిపడి ఫోన్ చేతిలో పెట్టారనుకోండి, గట్టిగా ఏడిస్తే ఫోన్ వస్తుందని వాడు నేర్చుకుంటాడు. అందుకే పెద్దవాళ్లతో ముందే మాట్లాడుకోండి. చెల్లిని కొడితే మాత్రం చూస్తూ ఊరుకోవద్దు, వెంటనే పక్కకు తీసుకెళ్లండి.

రెండో దశ మాట వినడం. ‘బొమ్మలు సర్దుతావా?’ అంటే ‘సర్దను’ అంటాడు. ‘ఈ కారు డబ్బాలో పెట్టు’ అని ఒక్క పనే, మామూలు గొంతుతో చెప్పాలి. వింటే వెంటనే మెచ్చుకోవాలి. వినకపోతే ఒక హెచ్చరిక, ఆ తర్వాత టైమౌట్, అంటే ఆట ఆపి కాసేపు కుర్చీలో కూర్చోబెట్టడం. ఇది మాత్రం థెరపిస్టు దగ్గర నేర్చుకున్నాకే చేయండి. గదిలో పెట్టి గడియ వేయడం టైమౌట్ కాదు.

మొత్తం మూడు నుంచి ఐదు నెలలు పట్టొచ్చు. పీసీఐటీ మన దగ్గర అన్నిచోట్లా దొరకదు. చైల్డ్ సైకాలజిస్టును ‘పేరెంట్ మేనేజ్‌మెంట్ ట్రైనింగ్’ గురించి అడగండి, కుదిరితే మీవారినీ వెంట తీసుకెళ్లండి. బాబుకు మాటలు సరిగా రాకపోయినా, పిలిస్తే పలకకపోయినా ముందు వినికిడి, ఆటిజం పరీక్షలు చేయించాలి. దగ్గర్లో ఎవరున్నారో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.