అమ్మాయి అక్షరాలు గీస్తోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న (కుదించి): మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. బీటెక్ వద్దంటోంది. ఆరు నెలలుగా కంప్యూటర్‌లో ఏటవాలు అక్షరాల ఫాంటు గీస్తోంది, డిజైన్ చదువుతానంటోంది. మా బావమరిది కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఈమె చివరికి ఫ్లెక్సీలు వేసుకుని బతకాలేమోనని భయం. రెండు దారులూ పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. కోర్సు పేరు మారుతుంది, బంధువులకు ఏం చెప్పుకోవాలన్న బెంగ మారదు. మీ ఉత్తరంలో అమ్మాయి ఏం గీసిందో ఒక్క వాక్యం, బావమరిది కొడుకు ప్యాకేజీ మీద నాలుగు వాక్యాలు! ఫ్లెక్సీ వేసేవారంటే అంత చులకనెందుకు?

మీరు జతచేసిన నమూనా చూశాను. కొసల్లో తోకలు లేని అక్షరాలు, కుడివైపు వాలాయి. అక్షరాన్ని వంచడానికి కంప్యూటర్‌లో ఒక మీట చాలు. పేరున్న ఇంగ్లిష్ ఫాంటు హెల్వెటికా వాలు రూపం కూడా 12 డిగ్రీలే. కానీ అలా వంచగానే ఇంగ్లిష్ ‘ఓ’ ఒకచోట లావెక్కి మరోచోట చిక్కిపోతుంది. తెలుగులో చిక్కు ఇంకా ఎక్కువ: పైనున్న తలకట్టు కుడికి, కిందున్న ఒత్తు ఎడమకు జరుగుతాయి. మీ అమ్మాయి ‘చిత్తూరు’లో త ఒత్తును మళ్లీ దాని అక్షరం కిందికి లాగింది. చెయ్యి ఇంకా తిరగలేదు గానీ, కన్ను తేడా పట్టేసింది. ఇలాంటి అక్షరాలు ఆటల జెర్సీల మీద, బైకు ట్యాంకుల మీద వేగాన్ని చూపిస్తాయి. పుస్తకమంతా వాటితో వేస్తే కళ్లు నొస్తాయి.

ఇక నా అనుమానాలు. ఆరు నెలల్లో యూఐ-యూఎక్స్ డిజైనర్‌ను (అంటే యాప్‌లు, వెబ్‌సైట్ల తెరలు తీర్చిదిద్దేవారిని) చేస్తామనే బోర్డులు తిరుపతిలోనూ కనిపిస్తున్నాయి. అక్కడికి మాత్రం పంపకండి. అలాంటి చోట ఫీజు కట్టి వచ్చిన ఒక అబ్బాయిని, రెండు అక్షరాల మధ్య ఖాళీ కొలతకు సమానమైనా కంటికి ఎందుకు కాదని అడిగాను. సాఫ్ట్‌వేర్ పేరు చెప్పాడు. ఇంకో మాట: ఫాంట్లు మాత్రమే గీసే సంస్థలు దేశంలో కొద్దే. ‘హింద్ గుంటూరు’ ఫాంటు అహ్మదాబాద్‌లోని ఇండియన్ టైప్ ఫౌండ్రీది, ‘బాలూ తమ్ముడు’ ముంబైలోని ఎక్ టైప్‌ది. గుంటూరు పేరుకు కూడా అహ్మదాబాద్ వెళ్లాల్సి వచ్చింది చూడండి.

పోలిక అడిగారు. కంప్యూటర్ సైన్స్ దారి వెడల్పు, జనమూ ఎక్కువే. డిజైన్ దారి ఇరుకు. అయితే బీడెస్ (డిజైన్‌లో డిగ్రీ) చదివినవారు ప్యాకేజింగ్, పుస్తకాలు, యాప్‌లు కూడా చేస్తారు. డిజైన్ నేర్పే జాతీయ సంస్థ ఎన్ఐడీ మన రాష్ట్రంలోనూ ఉంది. ఎంపీసీ వృథా పోదు. ‘స్త్రీ’లో ఒత్తులు రెండూ సరిగ్గా కుదరాలంటే ఫాంటులో నియమాలు రాయాలి, అదీ ప్రోగ్రామింగ్ లాంటి పనే. భయపడకండి, ఆమె దారి తప్పలేదు.

ప్రవేశ పరీక్షల దరఖాస్తుల సంగతి ఆమే చూసుకుంటుంది. మీరు ఒక ఆదివారం శ్రీకాళహస్తిలో కలంకారీ గీసేవారి దగ్గరికి తీసుకెళ్లండి. వెదురు కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కి గీత ఎలా దించుతారో ఒక పూట కూర్చుని చూడనివ్వండి. మీరూ పక్కనే కూర్చోండి, ఫోను జేబులో పెట్టుకుని.