గూఢచారిణి గతం ఆమె పోయాక గానీ బయటపడకపోవడం ఎలా సాధ్యం?

యుద్ధకాలంలో గూఢచర్యం చేసిన స్త్రీ అరవై ఏళ్ళకు పైగా పక్కింటివాళ్ళకు కూడా తెలియకుండా ఎలా బతకగలిగిందని, అది అధికార రహస్యాల చట్టానికి భయపడేనా అని మీరు అడిగారు. ఇంగ్లండ్‌లో ఒక స్థానిక కౌన్సిల్‌లో, అయినవాళ్ళు లేకుండా చనిపోయినవారి అంత్యక్రియలు చూసే విభాగంలో నేను కొంతకాలం పనిచేశాను కనుక, ఐలీన్ నియర్న్ గారి ఉదంతం ఆధారంగా జవాబు చెబుతాను.

అంత్యక్రియలు జరిపించేవారు లేనప్పుడు 1984 నాటి ప్రజారోగ్య చట్టం ప్రకారం ఆ బాధ్యత కౌన్సిల్‌దే. అందుకోసం ఇద్దరం కలిసి ఆ ఇంటికి వెళ్ళి వీలునామా, బ్యాంకు కాగితాలు, బంధువుల ఆచూకీ చెప్పే ఉత్తరాలు వెతికేవాళ్ళం. చిరునామాల పుస్తకం దొరికితే ప్రాణం లేచివచ్చేది; తీరా తెరిస్తే, పోయినవారి పేర్లను ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ వచ్చిన గీతలే చాలాసార్లు కనిపించేవి. ఇరుగుపొరుగును అడిగితే, పలకరిస్తే నవ్వేవారని తప్ప ఇంకేమీ చెప్పలేకపోయేవారు.

2010 సెప్టెంబరు 2న టోర్కీ పట్టణంలో 89 ఏళ్ళ ఐలీన్ గారు గుండెపోటుతో మరణించాక జరిగింది కూడా ఇలాంటి సోదాయే. పిల్లులంటే ఇష్టపడే ఒంటరి పెద్దావిడగా మాత్రమే చుట్టుపక్కలవారు ఎరిగిన ఆమె ఫ్లాట్‌లో యుద్ధకాలపు పతకాలు, ఉత్తరాలు బయటపడ్డాయి. 1944 మార్చిలో బ్రిటిష్ రహస్య సంస్థ ఎస్.ఓ.ఇ. ఆమెను రాత్రివేళ చిన్న విమానంలో ఫ్రాన్స్‌లో దింపింది. ‘రోజ్’ అనే మారుపేరుతో ఆమె 105 వైర్‌లెస్ సందేశాలు పంపి, జూలైలో జర్మన్ రహస్య పోలీసు దళమైన గెస్టపోకు చిక్కారు. చన్నీళ్ళ తొట్టెలో ముంచి హింసించినా, తాను ఎవరో వ్యాపారి చెబితే సందేశాలు పంపిన అమాయకపు దుకాణం పిల్లనని బుకాయించారు. ఆమెకు తెలివితేటలూ గడుసుదనమూ తక్కువని శిక్షణ ఇచ్చిన అధికారులు అంతకుముందే రాసిపెట్టారు. వారి అంచనా ఘోరంగా తప్పింది. రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరాన్నీ, ఆ తర్వాతి వెట్టిచాకిరీ శిబిరాలనూ తట్టుకుని, 1945 ఏప్రిల్‌లో ఖైదీలను నడిపించుకుపోతుండగా ఆమె తప్పించుకున్నారు.

ఇక అధికార రహస్యాల చట్టం సంగతి. ఎస్.ఓ.ఇ.లోనే పనిచేసిన ఆమె అక్క జాక్లీన్, యుద్ధం ముగిసిన కొద్దికాలానికే ఆ సంస్థపై తీసిన సినిమాలో స్వయంగా నటించారు కనుక, ఐలీన్ గారి మౌనానికి చట్టాన్ని మాత్రమే కారణంగా చూపడం నాకు సబబుగా తోచదు. పైగా 1997లో ఒక టీవీ కార్యక్రమంలో ఆమె మాట్లాడారు కూడా, కాకపోతే విగ్గు పెట్టుకుని, ఫ్రెంచిలో, ‘రోజ్’ అనే పేరుతో. అంటే ఆమె దాచుకున్నది జరిగిన కథను కాదు, ఆ కథ తనదేనన్న సంగతిని. యుద్ధం తర్వాత ఆమె మానసికంగా బాగా దెబ్బతిన్నప్పుడు కనిపెట్టుకుని ఉన్నది ఆ అక్కే. 1982లో ఆవిడ కూడా పోయాక, మొదటినుంచీ వివరించి చెప్పుకోనక్కర్లేని మనిషి ఐలీన్ గారికి మిగల్లేదని నేను అనుకుంటాను.

కుటుంబం ఉన్నా ఇదే తీరు. ఎస్.ఓ.ఇ. తరఫునే ఫ్రాన్స్‌లోని నార్మండీలో పనిచేసిన ఫిలిస్ లాటూర్ గారి సంగతి ఆమె పిల్లలకు తెలిసింది 2000 ప్రాంతంలో, అదీ పెద్దకొడుకు ఇంటర్నెట్‌లో చదివితే.