నొప్పి లేని తెల్లమచ్చ

ప్రశ్న: నా వయసు 46. పదేళ్లుగా పొగాకు, వక్క నములుతున్నాను. నెల రోజులుగా ఎడమ బుగ్గ లోపల తెల్లమచ్చ ఉంది. నొప్పి లేదు. చూపించుకోవాలా?

జవాబు: ఈ వారమే డెంటిస్టుకు గానీ, ఈఎన్‌టీ డాక్టరుకు గానీ చూపించుకోండి. నొప్పి లేదు కదా అని ధైర్యపడకండి. నోటి క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. గుడ్డతో తుడిస్తే ఊడివచ్చే తెలుపు చాలావరకు ఫంగస్ పొర. ఊడిరాని మచ్చను ల్యూకోప్లేకియాగా, అంటే క్యాన్సర్‌గా మారే అవకాశమున్న తెల్లమచ్చగా అనుమానిస్తాం. అవన్నీ క్యాన్సర్‌గా మారవు. కానీ మచ్చలో ఎరుపు, పుండు, వేలికి తగిలే గట్టిదనం ఉంటే ప్రమాదం ఎక్కువ. మొనదేలిన పన్ను గీరుకుని పడిన పుండైతే, పన్ను అరగదీశాక రెండు వారాల్లో మానాలి. మానకపోతే బయాప్సీ తప్పదు. మత్తు సూది ఇచ్చి పరీక్షకు చిన్న ముక్క తీస్తారు, అంతే. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో ఎందరో విలువైన నెలలు పోగొట్టుకుంటారు. ఆ భయానికి ఆధారం లేదు.

పొగాకు మానేసి వక్క ఒక్కటే నమిలితే ఫరవాలేదనుకోకండి. వక్క కూడా క్యాన్సర్ కారకమే. బుగ్గల లోపలి పొరను నారలా బిగించేస్తుంది. నోరు బాగా తెరిచి మీ మూడు వేళ్లు నిలువుగా పెట్టి చూడండి. పట్టకపోతే అదీ డాక్టరుకు చెప్పండి. పొగాకుకు మద్యం తోడైతే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

నెలకోసారి మంచి వెలుతురులో అద్దం ముందు నోరు చూసుకోండి. కట్టుడు పళ్లుంటే తీసేయాలి. చాలామంది నాలుక పైభాగం చూసి ఆపేస్తారు. నాలుక కొనను గుడ్డతో పట్టుకుని పక్కలకు లాగి అంచులు, కింది భాగం చూడాలి. పుండ్లు దాగేది అక్కడే. మెడలో గడ్డ తగిలితే ఆలస్యం వద్దు.