ఎమరాల్డ్ డ్వార్ఫ్ రస్బోరాలు ఎప్పుడూ దాక్కునే ఉంటున్నాయి, ఏం చేయాలి?

ఆర్వో నీళ్లు, బాదం ఆకులు, 28 డిగ్రీల మీద హీటర్. ఇన్ని చేసినా మీ ఆరు చేపలు బయటికి రావడం లేదు, గుళికల మేత ముట్టడం లేదు అన్నారు. హైదరాబాద్‌లో కొన్నేళ్లుగా వీటిని పెంచుతున్నాను. ముందు ఆ హీటర్ తీసేయండి.

రస్బోరా అనగానే షాపులో మెత్తటి (లవణాలు తక్కువున్న), ఆమ్ల గుణమున్న నీళ్లు కావాలని చెప్పేస్తారు. ఈ చేపకు అది వర్తించదు. ఇది డానియో అనే చిన్న చేపల జాతిది, గెలాక్సీ రస్బోరాకు దగ్గరి చుట్టం. దీని సొంతూరు మయన్మార్ షాన్ రాష్ట్రంలోని ఇన్లే సరస్సు. 1918లో జంతుశాస్త్రవేత్త అనండేల్ అక్కడి చేపల గురించి రాసినప్పుడే దీన్నీ వర్ణించాడు. ఆ సరస్సు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున, సున్నపురాయి కొండల మధ్య ఉంటుంది. లోతు తక్కువ, నీళ్లు తేటగా, అడుగంతా నాచు, మొక్కలు. అంటే చల్లటి, గట్టి (లవణాలు ఎక్కువున్న), కాస్త క్షార గుణమున్న నీళ్లు. మన బోరు నీళ్లు దీనికి బ్రహ్మాండంగా సరిపోతాయి! మన ఊళ్లో గట్టి నీళ్లతో లాభం కలగడం ఇలాంటి చోటే.

అలాగని ఒకేసారి మొత్తం మార్చకండి, టిడిఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) ఒక్కసారిగా పెరిగితే చిన్న చేపలు తట్టుకోలేవు. మార్చిన ప్రతిసారీ పదో వంతు బోరు నీళ్లు పోస్తూ రండి. ఉష్ణోగ్రత 21 నుంచి 25 మధ్య ఉంటే హాయిగా ఉంటాయి. మనకు అసలు టెన్షన్ ఏప్రిల్, మే నెలల్లోనే. మూత తీసి నీటి పైభాగానికి చిన్న ఫ్యాన్ పెట్టండి (దూకకుండా పైన వల వేయండి). ఆవిరై తగ్గినంత మేరకు మాత్రం ఆర్వో నీళ్లే పోయాలి, ఎందుకంటే లవణాలు ట్యాంక్‌లోనే మిగిలిపోతాయి.

ఇక బెరుకు. రెండు, రెండున్నర సెంటీమీటర్ల ప్రాణి, భయపడక ఏం చేస్తుంది? ఆరు చాలవు, పది పన్నెండు ఉండాలి. మొక్కలు తగ్గిస్తే బయటికొస్తాయని ఎవరైనా అంటే వినకండి. దాక్కునే చోటు దండిగా ఉన్నప్పుడే ధైర్యంగా తిరుగుతాయి. మగవి ఒకదానికొకటి ఎదురుపడి రెక్కలు విప్పినప్పుడు ఒంటి మీది పచ్చ చారలు చూడాలి. గుళికలు పక్కన పెట్టి అప్పుడే పొదిగిన ఆర్టీమియా (చిన్న ఉప్పునీటి రొయ్యలు), మైక్రోవార్మ్స్ (సన్నటి పురుగులు) వేయండి. కదిలే తిండికి అలవాటు పడ్డాక మెత్తటి పొడి మేత కూడా తింటాయి.

మిగతా చేపలు కొనేముందు ఇంట్లో పుట్టించినవి ఎవరి దగ్గరైనా దొరుకుతాయేమో అడగండి. ఇన్లేలో తేలే టమాటా తోటల ఎరువులు, పురుగుమందులు ఆ నీళ్లలోనే కలుస్తున్నాయి, అక్కడి నుంచి పట్టుకొచ్చే చేపలకు డిమాండ్ పెంచడం నాకిష్టం లేదు. పైగా వీటిని పుట్టించడం అంత కష్టమేం కాదు. జావా మాస్ అనే నాచు నింపిన చిన్న డబ్బాలో ఒక జత వేసి, కొన్ని రోజులకు పెద్దవాటిని తీసేయండి. లేకపోతే గుడ్లు అవే తినేస్తాయి. పిల్లలు మరీ సన్నగా ఉంటాయి కాబట్టి మొదట్లో ఇన్ఫ్యూసోరియానే (నీటిలోని సూక్ష్మజీవులు) పెట్టాలి, ఆర్టీమియా తర్వాత.