షుగర్ మాత్రలు పెరుగుతున్నాయి, అమ్మ మాత్రం చిక్కిపోతోంది

ప్రశ్న: మా అమ్మగారికి 56 ఏళ్లు, పదేళ్లుగా షుగర్ ఉంది. నాన్నగారు పోయిన ఈ ఏడాదిన్నరలో మాట్లాడడం బాగా తగ్గించేశారు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు, వంట సగంలో వదిలేస్తారు. మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 7.4 నుంచి 9.6కి చేరింది. వెళ్లిన ప్రతిసారీ డాక్టరుగారు ఒక మాత్ర పెంచుతున్నారు. మొన్న దిండు గలేబులో వాడని మాత్రల అట్టలు దొరికాయి. అడిగితే "వేసుకుని ఏం చేయాలి?" అన్నారు. ముందు షుగర్ అదుపులోకి రానిచ్చి, తర్వాత మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: తర్వాత కాదమ్మా, రెండూ కలిపే చూపించాలి. అంతకంటే ముందు, ఆ అట్టల సంగతి షుగర్ డాక్టరుగారికి ఈ వారంలోనే చెప్పండి. ఆమె అన్నీ వేసుకుంటున్నారనుకునే ఆయన మోతాదు పెంచి ఉంటారు. రేపు మీరు దగ్గరుండి అన్నిటినీ ఒక్కసారిగా మొదలుపెట్టిస్తే, కొన్ని రకాల మాత్రలతో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

మీరు చెప్పినవి డిప్రెషన్ లక్షణాల్లాగే ఉన్నాయి. అయితే నీరసం, నిద్రలేమి, బరువు తగ్గడం అదుపులో లేని షుగర్‌లోనూ కనిపిస్తాయి కాబట్టి, థైరాయిడ్ పరీక్షతో పాటు, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ల తరబడి వాడుతుంటే బి12 విటమిన్ పరీక్ష కూడా చేయించడం మంచిది. రెండు వారాల మనఃస్థితిని తొమ్మిది ప్రశ్నలతో అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 అనే పట్టిక ఉంది. అందులో 27కి 10 గానీ అంతకు మించి గానీ వస్తే వైద్యులు లోతుగా పరిశీలిస్తారు. "మనసు దిటవు చేసుకో" అనే బంధువుల సలహాతో ఆ అంకె తగ్గదు.

ఈ రెండు జబ్బులకూ కలిపి వైద్యం చేస్తే ఏమవుతుందో మన దేశంలోనే పరీక్షించి చూశారు. మీకు దగ్గరలోని విశాఖపట్నంతో పాటు చెన్నై, బెంగళూరు, ఢిల్లీల్లోని నాలుగు క్లినిక్కుల్లో 404 మందిపై జరిపిన ఆ అధ్యయనం 2020లో వెలువడింది. అందులో కొత్త మందేదీ లేదు. డాక్టరు కాని ఒక సమన్వయకర్త రోగితో తరచూ మాట్లాడుతూ మందులు, మనఃస్థితి, చక్కెర, బీపీ వివరాలు నమోదు చేసేవారు. నిపుణులు ఆ వివరాలను ఎప్పటికప్పుడు చూసి చికిత్సను సవరించేవారు. ఏడాదిపాటు ఇలా చూసి, రెండేళ్ల తర్వాత లెక్క తీస్తే, డిప్రెషన్ లక్షణాలు కనీసం సగానికి తగ్గి, చక్కెర, బీపీ, చెడు కొలెస్ట్రాల్‌లలో ఒక్కటైనా మెరుగైనవారు ఈ పద్ధతిలో 71.6 శాతం, మామూలు వైద్యంలో 57.4 శాతం ఉన్నారు. మామూలు వైద్యంలోనూ సగానికి పైగా బాగుపడ్డారు కనుక దీన్ని అద్భుతమనను. కానీ ఆ తేడా తెచ్చింది వెంటపడి అడిగే ఒక మనిషేనని నా అభిప్రాయం.

అలాంటి మనిషి అందుబాటులో లేనిచోట ఆ పని ఇంట్లోవాళ్లకే పడుతుంది. ఒకే నోటుపుస్తకంలో ఒకవైపు చక్కెర, బీపీ, వేసుకున్న మాత్రలు, మరోవైపు నిద్ర, తిండి, ఆ రోజు మనసెలా ఉందో రాసి, ఇద్దరు డాక్టర్లకూ అదే పుస్తకం చూపించండి. డిప్రెషన్ మందుల్లో కొన్ని ఆకలిని, బరువును పెంచుతాయి కాబట్టి షుగర్ సంగతి మానసిక వైద్యులకు తెలియాలి. ఆ మందుల గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. పది రోజులకే పనిచేయలేదని మానేయకూడదు.

"వేసుకుని ఏం చేయాలి?" అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ-మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక దిండు గలేబు గురించి డాక్టరు ఎదుట ఫిర్యాదులా చెప్పకండి. ఇంట్లోనే అమ్మతో ముందుగా మాట్లాడి, ఏ మాత్ర ఎందుకు మానేశారో వీలైతే ఆమె నోటితోనే ఆయనకు చెప్పించండి.