సొంత రక్తంతో కంటి చుక్కలా?

ప్రశ్న: మాది బెంగళూరు, మారతహళ్లి. అమ్మకి షుగర్. నల్లగుడ్డు మీద పుండు నెలన్నరగా మానడం లేదు. అమ్మ రక్తంతోనే చుక్కల మందు చేస్తామంటున్నారు డాక్టరు. టెన్షన్‌గా ఉంది, ఒప్పుకోవచ్చా?

జవాబు: ఇన్ఫెక్షన్ లేదని డాక్టరు తేల్చి ఉంటే భయం లేకుండా ఒప్పుకోండమ్మా. రక్తం గడ్డకట్టాక పైన తేరుకునే పసుపుపచ్చటి సీరంలో ఈజీఎఫ్ (ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్) లాంటి గ్రోత్ ఫ్యాక్టర్లు, అంటే కణాల్ని పెరిగేలా చేసే ప్రొటీన్లుంటాయి, పుండు అంచున ఉన్న కణాలు పెరిగి, జరిగి, గాయాన్ని కప్పేలా చేసేవి అవే. మన కన్నీళ్లలోనూ ఉంటాయి, షాపులో కొనే కృత్రిమ కన్నీటి చుక్కల్లో ఉండవు. షుగర్ వల్ల నల్లగుడ్డుకి స్పర్శ తగ్గితే పుండు మొండికేస్తుంది. అలాంటివాటికి నరాల గ్రోత్ ఫ్యాక్టర్‌తో చేసిన సెనెగెర్మిన్ చుక్కలకు 2018లో అమెరికా అనుమతిచ్చింది, కానీ ధర మామూలు కుటుంబాలు మోయలేనిది. సీరం చుక్కల్లో ప్రిజర్వేటివ్ (మందు పాడవకుండా కలిపేది) ఉండదు, అందుకే సీసా ఫ్రిజ్‌లోనే పెట్టండి, దాని కొన రెప్పకు తగలనివ్వకండి. నొప్పి లేకపోయినా ఎరుపు గానీ చీము గానీ కనిపిస్తే ఆ రోజే చూపించండి.